నీటి వాపు వెనక గడ్డ: హనుమకొండలో చూసిన ఒక వృషణ క్యాన్సర్ కేసు

మా వరంగల్, కరీంనగర్ వైపు మగవాళ్ళకు వృషణాల సంచి వాచిందంటే ఇంట్లోవాళ్ళు ముందు అనే మాట వరిబీజం. అందులో వింత లేదు. ఇక్కడ బోదకాలు తరాలుగా ఉంది. ఫైలేరియా వల్ల సంచిలో నీరు చేరిన పెద్దవాళ్ళు చాలా ఊళ్ళలో కనిపిస్తారు. హైడ్రోసీల్ ఆపరేషన్ ఇక్కడి సర్జన్లందరికీ చేతికి అలవాటైన పని. ఆ అలవాటే ఇరవై, ముప్పై ఏళ్ళ కుర్రాళ్ళ విషయంలో ఒక్కోసారి ప్రమాదం తెస్తుంది. వృషణంలో క్యాన్సర్ గడ్డ ఉన్నప్పుడు కూడా కొందరికి దాని చుట్టూ నీరు చేరుతుంది. చెయ్యి ఆ నీటి దగ్గరే ఆగిపోతే వెనకున్న గడ్డ దొరకదు.

వృషణ క్యాన్సర్ మన దేశంలో అరుదు. ఏడాదికి లక్ష మంది మగవాళ్ళలో ఒకరికి కూడా రాదు. నార్వే, డెన్మార్క్ లాంటి దేశాల్లో పది మంది దాకా ఉంటారు. కానీ 15 నుంచి 35 ఏళ్ళ మధ్య మగవాళ్ళలో వచ్చే క్యాన్సర్ గడ్డల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. పైగా శరీరంలో పాకిన తర్వాత కూడా పూర్తిగా నయం చేయగలిగిన కొద్ది క్యాన్సర్లలో ఇదొకటి. అందుకే మొదటి కొన్ని వారాల్లో ఏం చేశామన్నది చాలా లెక్కలోకి వస్తుంది. సూది ఎక్కడ గుచ్చాం, కోత ఎక్కడ పెట్టాం, కోసే ముందు రక్తం పంపామా లేదా అన్న మూడు సంగతుల మీదే తర్వాతి వైద్యమంతా నడుస్తుంది.

ఇక్కడ రాస్తున్న కేసుకు రోగి అనుమతి తీసుకున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

పరకాల వైపు అబ్బాయి, ఇరవై ఏడేళ్ళు. వరికోత మిషన్ నడుపుతాడు. పెళ్ళై ఏడాది కాలేదు. అన్నతో కలిసి లోపలికి వచ్చాడు, భార్య బయట బెంచీ మీద కూర్చుంది.

"నొప్పి అయితే లేదు సార్. బరువు ఉంటది, కిందికి గుంజినట్టు. మిషన్ సీటు మీద కుదుపులకు దెబ్బ తాకిందనుకున్న," అన్నాడు.

ఎన్నాళ్ళ నుంచని అడిగితే నెల రోజులన్నాడు. అన్నను కాసేపు బయట కూర్చోమని మళ్ళీ అడిగితే ఐదు నెలలన్నాడు. మన దగ్గర తమ్ముడు అన్న ముందు, కొడుకు తండ్రి ముందు ఈ సంగతి పూర్తిగా చెప్పరు. ఇలాంటి కేసుల్లో రోగితో ఒంటరిగా మాట్లాడకుండా రాసుకున్న హిస్టరీని నేను నమ్మను.

దెబ్బ తగలడం వల్ల ఈ క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలినప్పుడు తడుముకుంటే అప్పటికే ఉన్న గడ్డ చేతికి తగులుతుంది, అంతే. కానీ రోగి దెబ్బ కథ చెప్పగానే వాపు మాత్రలు రాసి పంపడం ఇప్పటికీ జరుగుతోంది.

మూడు వారాల కింద అతను వేరే చోట చూపించుకున్నాడు. వరిబీజమని చెప్పి సంచిలోకి సిరంజి గుచ్చి నీళ్ళు తీశారు. స్కాన్ చేయలేదు. వారం తిరక్కుండా నీరు మళ్ళీ చేరింది.

బట్టలు తీసి చూస్తే ముందు కళ్ళబడింది కుడి గజ్జలో సన్నటి పాత కుట్ల మచ్చ. అదేంటంటే అతనికి తెలియదు. భార్యను లోపలికి పిలిస్తే ఆమె వెంటనే అత్తకు ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఆవిడ చెప్పింది: "చిన్నప్పుడు ఒక గింజ పైననే ఉండిపోయింది సారు. బడికి పోయే ఈడుల ఆపరేషన్ చేసి కిందికి తెచ్చిన్రు."

ఈ ఒక్క మాటతో నా అనుమానం బాగా బలపడింది. పుట్టినప్పుడు సంచిలోకి దిగని వృషణంలో క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ. స్వీడన్‌లో ఈ ఆపరేషన్ అయిన దాదాపు 17 వేల మందిని గమనించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. 13 ఏళ్ళలోపు ఆపరేషన్ అయినవాళ్ళకు ముప్పు సాధారణ జనం కంటే రెండు రెట్లు, ఆ తర్వాత అయినవాళ్ళకు ఐదు రెట్లకు పైగా ఉందని తేలింది. ఇప్పుడు ఏడాది, ఏడాదిన్నర వయసులోపే ఈ ఆపరేషన్ చేసేయమంటున్నాం. తొందరగా చేసినా ముప్పు పూర్తిగా పోదు కాబట్టి, ఆ పిల్లాడు పెద్దయ్యాక నెలకోసారి తనే చేత్తో చూసుకోవాలని తల్లిదండ్రులకు చెప్పి పంపాలి.

గదిలో లైట్లు ఆర్పి సంచి వెనక నుంచి టార్చ్ పెట్టాను. ముందు భాగం ఎర్రగా వెలిగింది, అంటే నీరే. టార్చ్‌ను కిందికి, వెనక్కి జరిపాను. ఒక చోట వెలుగు ఆగిపోయి నల్లగా గుండ్రటి నీడ పడింది. నీటిని ఒక పక్కకు నెట్టి ఆ నీడ ఉన్నచోట వేళ్ళు పెడితే పచ్చి జామకాయలా గట్టిగా ఉంది. నొక్కినా అతనికి నొప్పి తెలియలేదు. మామూలుగా వృషణాన్ని నొక్కితే ఎవరికైనా కడుపులో తిప్పినట్టుంటుంది. ఆ స్పర్శ కూడా పోయింది. ఎడమవైపుది మెత్తగా, మామూలుగానే ఉంది. కడుపులో చేతికి గడ్డ దొరకలేదు. మెడ కింద గ్రంథులు లేవు. రొమ్ముల వాపు కూడా లేదు. కొన్ని వృషణ క్యాన్సర్లు రక్తంలోకి వదిలే హెచ్‌సీజీ అనే హార్మోన్ ఎక్కువగా ఉన్నవాళ్ళలో అది కనిపిస్తుంది, అందుకని చొక్కా విప్పించి చూడాలి.

టార్చ్ పరీక్షలో వెలిగితే నీరని తెలుస్తుంది. నీరు మాత్రమే ఉందని దానితో తేల్చుకోకూడదు. నలభై లోపు వయసువాళ్ళకు సంచిలో కొత్తగా నీరు చేరిందంటే స్కాన్ చేయకుండా సూది గానీ కత్తి గానీ పట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. స్కాన్‌కు అయ్యేది కొద్ది డబ్బు, పావుగంట టైమ్.

కోసే ముందు

డాప్లర్‌తో స్కాన్ ఆ సాయంత్రమే అయింది. కుడి వృషణంలో 4.2 సెంటీమీటర్ల గడ్డ, అక్కడక్కడా చిన్న నీటి తిత్తులు, రక్తప్రసరణ ఎక్కువ, చుట్టూ కొంచెం నీరు. ఈ క్యాన్సర్ జాడ చెప్పే రక్త పరీక్షల్లో ఏఎఫ్‌పీ 640, బీటా హెచ్‌సీజీ 310, రెండూ మామూలు కంటే చాలా ఎక్కువ. అలాంటిదే మూడో పరీక్ష ఎల్‌డీహెచ్, అది మామూలు హద్దు కంటే కాస్త ఎక్కువ. లివర్ పరీక్షలు బాగానే ఉన్నాయి. కల్లు, మందు అలవాటున్నవాళ్ళలో లివర్ దెబ్బతిని ఏఎఫ్‌పీ పెరగవచ్చు, అందుకని ఆ రెండూ కలిపి చూడాలి.

వృషణ క్యాన్సర్లను సెమినోమా, నాన్-సెమినోమా అని రెండు రకాలుగా చూస్తాం. ఏఎఫ్‌పీ అంత ఉందంటే ఇది ఒట్టి సెమినోమా కాదు. సెమినోమా కణాలు ఏఎఫ్‌పీని తయారు చేయవు. ఒకవేళ ముక్క పరీక్షలో సెమినోమా అని వచ్చినా, ఏఎఫ్‌పీ పెరిగి ఉంటే దాన్ని నాన్-సెమినోమాగానే లెక్కగట్టి వైద్యం చేయాలి.

సీటీలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. కడుపు వెనక భాగంలో, రెండు పెద్ద రక్తనాళాల మధ్య, 3.4 సెంటీమీటర్ల గ్రంథి ఉంది. కుడి వృషణం నుంచి లింఫ్ (కణజాలం నుంచి గ్రంథులకు పారే ద్రవం) వెళ్ళేది అక్కడికే. అంటే రెండో దశ.

అన్న ఒక మంచి ప్రశ్న అడిగాడు. "ముందు చిన్న ముక్క తీసి టెస్ట్‌కు పంపరా సార్? మా మామకు గొంతులో గడ్డొస్తే అట్లనే చేసిన్రు."

చాలా క్యాన్సర్లకు అదే పద్ధతి. ఇక్కడ మాత్రం చేయం. వృషణం పుట్టేది కడుపులో, మూత్రపిండాల దగ్గర. సంచిలోకి దిగేటప్పుడు తన రక్తనాళాలను, లింఫ్ దారిని అక్కడి నుంచే వెంట తెచ్చుకుంటుంది. సంచి చర్మానికి మాత్రం లింఫ్ దారి గజ్జలకు పోతుంది. సంచిలోంచి సూది గుచ్చినా, కోత పెట్టినా క్యాన్సర్ కణాలకు రెండో దారి తెరిచినట్టే. అందుకే కోత గజ్జలో పెట్టి, వృషణానికి వచ్చే నాళాల తాడును పైన బిగించి, ఆ తర్వాతే వృషణాన్ని బయటికి లాగి మొత్తంగా తీసేస్తాం. స్కాన్, రక్త పరీక్షలు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ముక్క పరీక్ష తీసేసిన వృషణం మీదే జరుగుతుంది.

ఇతనికి సూది ముందే గుచ్చారు, గజ్జలో పాత ఆపరేషన్ కూడా ఉంది. లింఫ్ దారి మామూలుగా లేకపోయే అవకాశం రెండు కారణాల వల్ల ఉంది. పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు, సంచిని గుచ్చిన లేదా కోసిన కేసుల్లో అక్కడే జబ్బు తిరగబెట్టింది 2.9 శాతం మందికి. పద్ధతి ప్రకారం చేసినవాళ్ళలో 0.4 శాతం. తేడా ఉన్నా సంచి సగం కోసేయాల్సినంత పెద్దది కాదు. సూది పడిన చోట చర్మం మెత్తగా ఉంది, ఎలాగూ కీమో తప్పేలా లేదు. సంచి జోలికి పోకుండా, ఫాలో-అప్‌లో గజ్జలను కూడా స్కాన్ చేస్తూ ఉందామని నిర్ణయించాం.

ఆపరేషన్ తేదీ ఖాయం చేసే ముందు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి పిల్లల విషయం మాట్లాడాను. ఆమె సూటిగానే అడిగింది. "ఇంకోటి ఉంటది కదా సార్. దానితోని కారా?"

అవ్వచ్చమ్మా, చాలామందికి అవుతారు అన్నాను. ఒక వృషణం ఉంటే చాలు, కాపురానికి కూడా ఇబ్బంది ఉండదు. కానీ కీమో వల్ల వీర్యకణాలు కొన్నాళ్ళు బాగా తగ్గుతాయి, కొందరికి తిరిగి రావు. ఈ జబ్బు ఉన్న మగవాళ్ళలో చాలామందికి వైద్యం మొదలుకాకముందే కౌంట్ తక్కువగా ఉంటుంది. ఇతనికి మిల్లీలీటరుకు 90 లక్షలు వచ్చింది, ఉండాల్సింది కనీసం కోటీ 60 లక్షలు. హనుమకొండలోనే ఒక ఫెర్టిలిటీ సెంటర్‌లో రోజు విడిచి రోజు రెండుసార్లు వీర్యం ఇచ్చి దాచిపెట్టించుకున్నారు. ఆ ఖర్చు చేతి నుంచి పెట్టుకోవాల్సి వచ్చింది. అతను అప్పుడు సిగ్గుతో తల ఎత్తలేదు. మాట్లాడిందంతా ఆమే. ఈ సంభాషణను నర్సుకో, కరపత్రానికో వదిలేయకూడదు. కీమో మొదలయ్యాక గుర్తొస్తే ఉపయోగం లేదు.

అంకెలు ఆగిపోవడం

ఆపరేషన్ మామూలుగా జరిగింది. పాత మచ్చ దగ్గర అతుకులు ఉండడం వల్ల తాడును విడదీయడానికి కొంచెం టైమ్ పట్టింది. తాడు కడుపులోంచి గజ్జలోకి వచ్చే లోపలి రింగ్ దగ్గర కట్టిన సిల్క్ దారాన్ని పొడవుగా వదిలాను. రేపు కడుపు వెనక ఆపరేషన్ అవసరమైతే ఆ సర్జన్‌కు తాడు మొదలు దొరకాలి.

ముక్క పరీక్షలో మిక్స్‌డ్ జెర్మ్ సెల్ ట్యూమర్ అని వచ్చింది, అంటే వీర్యకణాలకు మూలమైన కణాల నుంచి పుట్టిన, కొన్ని రకాలు కలిసిన గడ్డ. ఎక్కువ భాగం ఎంబ్రియోనల్ కార్సినోమా, మిగతాది యోక్ శాక్ ట్యూమర్, కొంత టెరటోమా. రక్తనాళాల్లోకి కణాలు చేరిన జాడ ఉంది. స్లైడ్లను హైదరాబాద్‌లో ఇలాంటివి తరచూ చూసే పాథాలజిస్టుకు పంపి మరోసారి చూపించాం. అరుదైన జబ్బు కాబట్టి ఆ రెండో అభిప్రాయం ప్రతి కేసులోనూ అడుగుతాను. ఇక్కడ టెరటోమా అన్న ఒక్క మాట తర్వాత చాలా పనికొచ్చింది.

అసలు సంగతి ఆపరేషన్ తర్వాతి రక్త పరీక్షల్లో తెలుస్తుంది. ఏఎఫ్‌పీ సగానికి తగ్గడానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది, బీటా హెచ్‌సీజీకి ఒకటి, ఒకటిన్నర రోజు. గడ్డంతా సంచిలోనే ఉండి ఉంటే, నిదానంగా లెక్కేసినా 640 ఉన్న ఏఎఫ్‌పీ వారానికి 320కి, రెండు వారాలకు 160కి రావాలి. ఇతనికి 410, తర్వాత 385. హెచ్‌సీజీ వారంలో 310 నుంచి పది, పన్నెండుకు పడిపోవాలి. అది 62 దగ్గర ఆగి రెండో వారానికి 71 అయింది. మూలం తీసేసినా అంకెలు దిగలేదంటే కడుపులోని ఆ గ్రంథి ఒట్టి వాపు కాదు, అందులో బతికున్న క్యాన్సర్ ఉంది.

ఈ మూడు పరీక్షలూ ఒకే ల్యాబ్‌లో చేయించాం. ఒక్కో ల్యాబ్ పద్ధతి ఒక్కో రకం. పరకాలలో ఒకసారి, వరంగల్‌లో ఒకసారి చేయిస్తే ఈ లెక్క నడవదు. ఆపరేషన్‌కు ముందు రక్తం పంపకపోయినా అంతే. ఎక్కడి నుంచి దిగాలో తెలియకపోతే దిగిందో లేదో చెప్పలేం.

కీమో మొదలుపెట్టే రోజున ఉన్న అంకెలను బట్టే ముప్పు అంచనా వేస్తారు, ఆపరేషన్‌కు ముందువి కాదు. ఏఎఫ్‌పీ వెయ్యి లోపు, హెచ్‌సీజీ ఐదు వేల లోపు, ఎల్‌డీహెచ్ హద్దుకు ఒకటిన్నర రెట్ల లోపు, ఊపిరితిత్తులు తప్ప లివర్, మెదడు లాంటి అవయవాల్లో జబ్బు లేకపోవడం: ఇతను మంచి కేటగిరీలో పడ్డాడు. 2021లో సవరించిన అంతర్జాతీయ లెక్కల ప్రకారం ఈ కేటగిరీ నాన్-సెమినోమాలో 5 ఏళ్ళు దాటి బతికేవాళ్ళు 96 శాతం.

ఆ అంకె చెప్పినా అతనికి ఎక్కలేదు. క్యాన్సర్ అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. అప్పుడు యువరాజ్ సింగ్ సంగతి చెప్పాను. యువరాజ్‌కు వచ్చింది వృషణంలో కాదు, ఛాతీలో రెండు ఊపిరితిత్తుల మధ్య, అదీ సెమినోమా రకం. కానీ జెర్మ్ సెల్ కుటుంబమే. 2012లో ఇండియానాపొలిస్‌లో వైద్యం చేసింది డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్. 1974లో సిస్‌ప్లాటిన్‌ను మరో రెండు మందులతో కలిపి ఈ క్యాన్సర్‌కు మొదటిసారి ఇచ్చింది ఆయనే. అంతకుముందు పాకిన దశలో వచ్చినవాళ్ళలో పదిమందికి ఒకరు దక్కడం కూడా కష్టంగా ఉండేది. "మళ్ళ వచ్చి ఆడిండు కదా సార్," అన్నాడు. ఆ రోజు అతను మొదటిసారి నా మొహం చూసి మాట్లాడాడు.

మూడు సైకిళ్ళు, ఒక వాయిదా

బ్లియోమైసిన్, ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్ కలిపిన బీఈపీ అనే కీమో మూడు సైకిళ్ళు, 21 రోజులకొకటి. ఆరోగ్యశ్రీలో మెడికల్ ఆంకాలజిస్టు చేతిమీదుగా నడిచింది. మొదలుపెట్టే ముందు ఊపిరితిత్తుల పరీక్ష, కిడ్నీ పరీక్షలు, వినికిడి పరీక్ష చేయించారు. సిగరెట్ ఆ రోజే మాన్పించాం. బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు, సిగరెట్ దానికి తోడైతే ముప్పు పెరుగుతుంది.

రెండు సైకిళ్ళు తట్టుకున్నాడు. జుట్టు రాలింది, నోట్లో పుండ్లు, చెవుల్లో గుయ్‌మనే శబ్దం. అంకెలు మాత్రం చకచకా దిగాయి. రెండో సైకిల్ చివరికి హెచ్‌సీజీ మామూలుకు వచ్చింది. అక్కడే చిక్కొచ్చింది. యాసంగి కోతలు మొదలయ్యాయి, మిషన్ ఓనర్ ఫోన్ మీద ఫోన్. మూడో సైకిల్‌కు రావాల్సిన రోజు అతను రాలేదు. "రిపోర్టు నార్మల్ వచ్చింది కదా సార్, కోతలు అయినంక వస్త," అన్నాడు ఫోన్‌లో.

ఈ వైద్యంలో రోజులు జరపడం, మోతాదు తగ్గించడం రెండూ చేటే. అంకె మామూలుకొచ్చిందంటే జబ్బు పోయిందని కాదు, పరీక్షకు అందనంత తగ్గిందని. మిగిలిన కణాలు మందుకు మొండికేస్తే తర్వాత ఇచ్చే వైద్యం చాలా బరువైనది, ఫలితం ఇంత బాగా ఉండదు. డాక్టర్ల వైపు నుంచి కూడా ఈ జారుడు ఉంటుంది. జ్వరం లేకున్నా తెల్లకణాలు కొంచెం తగ్గాయని వారం వాయిదా వేస్తుంటారు. నయం చేయడానికే ఇస్తున్న కీమోలో అది సరి కాదు.

అతని అనుమతితో ఓనర్‌తో నేనే మాట్లాడాను. జబ్బు పేరు చెప్పలేదు. ఇప్పుడు మూడు వారాలు వదిలితే వచ్చే వానాకాలానికి మీ డ్రైవర్ మీకుంటాడు అన్నాను. ఆయన మంచి మనిషి, వేరే డ్రైవర్‌ను పెట్టుకున్నాడు. భార్య, అన్న కలిసి మూడు రోజులు ఆలస్యంగా తీసుకొచ్చారు. సైకిల్ పూర్తయింది.

కీమో అయ్యాక సీటీలో 3.4 ఉన్న గ్రంథి 1.8 సెంటీమీటర్లకు తగ్గింది. రక్తం అంతా మామూలు. ఇంట్లో పండుగలా ఉంది, ఇంకో పెద్ద ఆపరేషన్ కావాలని చెప్పడం కష్టమైంది. నాన్-సెమినోమాలో ఒక సెంటీమీటరు దాటి ఏదైనా మిగిలితే తీసేయాలి. మిగిలిన గ్రంథుల్లో దాదాపు సగం చచ్చిన కణజాలమే ఉంటుంది. సుమారు 40 శాతంలో టెరటోమా, పదింట ఒకదాంట్లో బతికున్న క్యాన్సర్ దొరుకుతుంది. ఏది ఉందో స్కాన్ చెప్పలేదు. ఇతని మొదటి గడ్డలోనే టెరటోమా ఉంది. అది కీమోకు కరగదు, రక్త పరీక్షలో దొరకదు, నెమ్మదిగా పెరిగి చుట్టుపక్కల నాళాలను నొక్కుతుంది, కొన్నేళ్ళకు వేరే రకం క్యాన్సర్‌గా మారే ప్రమాదం కూడా ఉంది.

కడుపు వెనక లింఫ్ గ్రంథులు తీసే ఈ ఆపరేషన్ ఎప్పుడో ఒకటి చేసే చేతులతో చేయకూడదు. నేను చేయలేదు. హైదరాబాద్‌లో తరచూ చేసే టీమ్ దగ్గరికి పంపాను. ఉత్తరంలో రెండు సంగతులు గీత గీసి రాశాను. వీర్యం బయటికి రావడానికి పనిచేసే నరాలను వీలైనంత కాపాడమన్నది ఒకటి. బ్లియోమైసిన్ పడ్డ రోగి కాబట్టి మత్తు డాక్టర్ అవసరానికి మించి ఆక్సిజన్, సెలైన్ ఇవ్వకుండా చూడమన్నది రెండోది. ఈ రెండో సంగతి అతను జీవితాంతం ఏ ఆపరేషన్‌కు వెళ్ళినా చెప్పాలి. ఆధార్ కార్డు వెనక పెట్టుకునేలా చిన్న చీటీ రాసి లామినేషన్ చేయించి ఇచ్చాం.

తీసిన గ్రంథిలో మెచ్యూర్ టెరటోమా ఉంది. బతికున్న క్యాన్సర్ లేదు.

ఇప్పుడు

ఆపరేషన్లన్నీ అయి రెండేళ్ళు దాటింది. మొదటి ఏడాది రెండు, మూడు నెలలకోసారి రక్త పరీక్షలు, మధ్యలో సీటీలు. ఇప్పుడు నాలుగు నెలలకోసారి వస్తున్నాడు. అంకెలు మామూలుగానే ఉన్నాయి. గజ్జల స్కాన్లలో ఏమీ లేదు. చెవుల్లో శబ్దం పూర్తిగా పోలేదు. మిషన్ హోరు దాన్ని పెంచకుండా చెవులకు మఫ్స్ పెట్టుకుని నడుపుతున్నాడు. దుమ్ముకు మాస్క్ తప్పదని చెప్పాం. అది మాత్రం ఉక్కపోతలో తీసేస్తానని ఒప్పుకుంటాడు.

టెస్టోస్టెరాన్ కింది హద్దు దగ్గర ఉంది. లక్షణాలు లేవు కాబట్టి మందు పెట్టకుండా ఆరు నెలలకోసారి చూస్తున్నాం. సిస్‌ప్లాటిన్ తీసుకున్నవాళ్ళకు తర్వాతి ఏళ్ళలో బీపీ, కొలెస్ట్రాల్, గుండె జబ్బులు త్వరగా వచ్చే అవకాశం ఉంది. అందుకని ముప్పై కూడా రాని మనిషికి బీపీ పుస్తకం తెరిచాం. మిగిలిన వృషణాన్ని నెలకోసారి స్నానం చేసేటప్పుడు వేళ్ళతో చూసుకోవడం నేర్పాం, ఎందుకంటే రెండోవైపు కూడా వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే ఇతనికి ఎక్కువ.

నరాలు దక్కాయి, వీర్యం మామూలుగానే వస్తోంది. కౌంట్ మొదటి ఏడాది సున్నా దగ్గర ఉండి, ఈమధ్య మిల్లీలీటరుకు 60 లక్షలకు వచ్చింది. దాచిపెట్టిన నమూనాలను భార్య ఇంకో ఏడాదికి రెన్యువల్ చేయించింది. ఇంకో ఆరు నెలలు సహజంగా చూసి, కాకపోతే వాటిని వాడదామని ఇద్దరూ అనుకున్నారు. వచ్చే సీటీ వానాకాలం కోతలు మొదలయ్యేలోపే పెట్టాం.